నలభై రెండు గాట్లు

పెళ్లయి ఏడాది తిరగని జంట. సొంతంగా చేసుకున్న చెక్క పంటు. అమెరికాలోకెల్లా లోతైన కొండలోయల్లో ఒకదాని మీదుగా హనీమూన్ ప్రయాణం. పంటు దొరికింది. అందులో సామాను చెక్కుచెదరలేదు. మనుషులిద్దరూ మాత్రం 1928 నుంచి నేటిదాకా దొరకలేదు.

నీళ్ల మీద పంటు నిమ్మళంగా ఊగుతోంది. దాని తాడు కొస నీళ్లలోకి దిగి అడుగున ఏదో బండసందులో ఇరుక్కుంది. కొట్టుకుపోకుండా ఆపింది ఆ తాడే. అటూ ఇటూ రాతిగోడలు. వాటి మధ్య ఆకాశం సన్నటి పట్టీలా కనిపిస్తోంది. మనిషి అలికిడి లేదు.

1928 క్రిస్మస్ రోజులవి. కొలరాడో నది మీద, గ్రాండ్ కాన్యన్ దిగువ భాగంలో, లీస్ ఫెర్రీ అనే రేవు నుంచి లెక్కపెడితే 237వ మైలు దగ్గర ఉందా పంటు. ఎవరో వదిలేసిన పాత పడవకి మరమ్మతు చేసుకుని, ప్రాణాలరచేత పెట్టుకుని అక్కడికి చేరారు ముగ్గురు. ఫొటోగ్రాఫర్ ఎమరీ కోల్బ్, అతని అన్న ఎల్స్‌వర్త్, వాళ్లతో ఒక నేషనల్ పార్క్ రేంజరు. పంటులోకి దిగి చూశారు. అడుగున కొంత నీళ్లు నిలిచాయి తప్ప మిగతాదంతా ఎక్కడిదక్కడే ఉంది. తిండి సామాను, చలికోట్లు, కొండలెక్కే బూట్లు, తుపాకి, కెమెరా, చిన్న డైరీ. ఊరెళ్లే ముందు తాళం వేసిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టుంది వాళ్లకి.

పంటు అంచు చెక్క మీద కత్తితో కోసిన గాట్లు కనిపించాయి. వరసగా, ఒకదాని పక్కన ఒకటి. లెక్కపెడితే నలభై రెండు తేలాయి. రోజుకొకటి చొప్పున ఎవరు కోశారో ఎమరీకి తెలుసు. ఆ మనిషి అయిదు వారాల కిందట తన ఇంట్లోనే కూర్చుని మాట్లాడింది.

ఓడలో మొదలైన కథ

బెస్సీ హేలీ వెస్ట్ వర్జీనియాలో పెరిగిన అమ్మాయి. అయిదడుగుల మనిషి. బరువు మన లెక్కలో నలభై కిలోలకు కాస్త ఎక్కువ. బొమ్మలేసేది, కవితలు రాసుకునేది. బొమ్మల చదువు కోసం దేశం ఈ కొస నుంచి ఆ కొసకు, శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్లింది. చిన్నతనంలో తొందరపడి చేసుకున్న పెళ్లి ఒకటి అప్పటికే బెడిసికొట్టింది.

1927లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్ వెళ్లే ఓడలో ఆమెకు గ్లెన్ హైడ్ పరిచయమయ్యాడు. ఐడహో రాష్ట్రంలో తండ్రి రోలిన్‌తో కలిసి వ్యవసాయం చేసే యువకుడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చేలో పని, మనసులో నదులు. అంతకు ముందే చెల్లెలిని వెంటబెట్టుకుని సామన్ నదిని పంటు మీద దాటొచ్చాడు. వెళ్లడమే తప్ప ఎదురు రావడం కుదరని నది కాబట్టి ఆ ప్రాంతం వాళ్లు దాన్ని 'తిరిగిరాని నది' అంటారు. ఆ పంటు కట్టే విద్య, నడిపే ఒడుపు అక్కడి ఆరితేరిన పడవవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు.

1928 ఏప్రిల్‌లో ఐడహోలోని ట్విన్ ఫాల్స్‌లో ఇద్దరికీ పెళ్లయింది. అతనికి ఇరవై తొమ్మిది, ఆమెకు ఇరవై రెండు. ఆ వేసవంతా పొలం పనితోనే సరిపోయింది. పంట చేతికొచ్చాక హనీమూన్ అనుకున్నారు. గ్లెన్ మనసులో ఉన్నది మాత్రం సముద్రతీరమో, పెద్ద హోటలో కాదు.

ఆ రోజుల్లో అమెరికాలో సాహసానికి గిరాకీ ఉండేది. ఏడాది కిందటే లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ మీదుగా ఎగిరి దేశానికి దేవుడైపోయాడు. 'మొదటివాడు' అనిపించుకుంటే పత్రికల్లో ఫొటో, నాటకశాలల్లో ఉపన్యాసాలు, పుస్తకం, చేతినిండా డబ్బు. గ్రాండ్ కాన్యన్‌ని పడవలో దాటిన మగవాళ్లు అప్పటికి కొద్దిమందైనా ఉన్నారు. ఆడమనిషి దాటినట్టు ఎక్కడా నమోదు కాలేదు. బెస్సీ దాటితే ఆమే మొదటిదవుతుంది. భార్యాభర్తలు జంటగా దాటారంటే ఇక చెప్పేదేముంది. ఇద్దరికీ ఇష్టమైన విహారమే అయినా, చివర్లో ఒక బహుమతి కూడా ఎదురుచూస్తోంది. ఈ కథలో ప్రతి మలుపులోనూ ఆ బహుమతి బరువు పనిచేసింది.

రెండు రోజుల్లో కట్టిన పంటు

మనం కొండ అంటే ఎక్కేదనుకుంటాం. గ్రాండ్ కాన్యన్ దిగే కొండ. పైన సమతలంగా పరుచుకున్న నేల ఉన్నట్టుండి విరిగి, మైలుకు పైగా లోతుకు పడిపోతుంది. అడుగున కొలరాడో. దాని వెంట 277 మైళ్ల పొడవునా ఇరుకు లోయ సాగుతుంది. పక్కవాగులు వరదలప్పుడు తెచ్చి పడేసిన బండలు నదికి అడ్డంగా గుట్టలు పడతాయి. నీళ్లు వాటి మీద విరుచుకుపడి, గోతుల్లోకి దూకి, వెనక్కి తిరిగి ఎగుస్తాయి. ర్యాపిడ్లంటే అవే. అలాంటివి ఆ లోయలో ఒకటీ రెండూ కాదు, పెద్దవీ చిన్నవీ కలిపి వందకు పైమాటే. 1919లో దీన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు. పైనుంచి చూసిపోవడానికి రైలెక్కి వేలమంది వచ్చేవాళ్లు. అడుగున నది మాత్రం అప్పటికీ ఎవరికీ లొంగలేదు.

గ్లెన్, బెస్సీ యూటా రాష్ట్రంలోని గ్రీన్ రివర్ అనే చిన్న ఊళ్లో దిగారు. యాభై డాలర్ల కలప కొని రెండు రోజుల్లో పంటు కట్టేశాడు గ్లెన్. ఇరవై అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. అడుగు బల్లపరుపు. చూడటానికి మూత లేని పెద్ద పెట్టె. ఊళ్లో ఒక పడవ మనిషి దాన్ని శవపేటికతో పోల్చాడని చెప్పుకుంటారు. దానికి 'రెయిన్ ఇన్ ద ఫేస్' అని పేరు పెట్టుకున్నారు. ముఖాన వాన అని అర్థం. స్యూ తెగ యోధుడొకడి పేరది.

ఈ పంటు నడిచే తీరు తెలిస్తేగాని జరిగింది బోధపడదు. దీన్ని తెడ్లేసి ముందుకు తోయరు. ముందొకటి, వెనకొకటి బారెడు కర్రలకు పలకలు బిగించిన రెండు పెద్ద తెడ్లుంటాయి. నడిపే మనిషి మధ్యలో నిలబడి, వాటితో పంటుని పక్కకి జరుపుతాడంతే. ముందుకు పోవడమన్నది నది ఇష్టం. ఆగాలన్నా, తగ్గాలన్నా చేతిలో లేదు. సామన్ నది బండల మధ్య ఇది బాగానే పనిచేసింది. కొలరాడో అలలు అంతకు ఎన్నో రెట్లు పెద్దవి. పైగా తెడ్డు పలక నీళ్లలోని బండకి తగిలిందంటే, రెండో కొసన ఉన్న మనిషిని ఏనుగు తొండంతో కొట్టినట్టు విసిరేస్తుంది.

పంటులో పడుకోవడానికి స్ప్రింగుల మంచం, పరుపు వేసుకున్నారు. వంటకి ఇసుక నింపిన పెట్టె మీద పొయ్యి పెట్టుకున్నారు. కొత్త కాపురానికి కావలసినవన్నీ ఉన్నాయి. లైఫ్ జాకెట్లు మాత్రం లేవు.

అక్టోబరు 20న తాడు విప్పారు. బెస్సీ అంచు చెక్క మీద మొదటి గాటు కోసింది.

నది నేర్పిన పాఠాలు

మొదటి రోజులు హాయిగా సాగాయి. ఎర్రటి గోడల మధ్య మెలికలు తిరుగుతూ పారే నిమ్మళమైన నీళ్లు. తర్వాత గ్రీన్ నది కొలరాడోలో కలిసింది. ఆ వెంటనే కేటరాక్ట్ కాన్యన్. పేరుకు తగ్గట్టే జలపాతాల వరస. అది దాటాక గ్లెన్ కాన్యన్. అక్కడ నది మళ్లీ మెత్తబడుతుంది. బెస్సీ డైరీ పొడి పొడి మాటలతో నడిచింది. ఈ రోజు ఇంత దూరం, ఇన్ని ర్యాపిడ్లు. కవితలు రాసే చేతికి ఇక్కడ అంకెలే సరిపోయాయి.

నవంబరు రెండో వారంలో లీస్ ఫెర్రీ దాటారు. మనుషుల్ని, బళ్లని నది దాటించే రేవది. ఆ ఏడు జూన్‌లోనే అక్కడి పంటు మునిగి ముగ్గురు చనిపోయారు. దాంతో రేవు మూతపడింది. కొంచెం దిగువన పూర్తికావస్తున్న ఉక్కు వంతెన కింది నుంచి వెళ్లారు మొగుడూ పెళ్లాలు. తలెత్తి చూస్తే మనుషులు పక్షులంత కనిపించి ఉంటారు. నవాహో బ్రిడ్జి అంటారిప్పుడు దాన్ని. రెండు నెలల తర్వాత, 1929 జనవరిలో దాని మీద రాకపోకలు మొదలయ్యాయి.

అక్కణ్నుంచి గోడలు దగ్గరపడి పైకి లేస్తూ వచ్చాయి. ఈ లోయలో 'సాక్‌డోలేజర్' అనే ర్యాపిడ్ ఉంది. 1869లో మొదటిసారి ఈ నదిని దాటిన మేజర్ పావెల్ మనుషులు పెట్టిన పేరది. ఆనాటి వాడుకలో ఆ మాటకి దిమ్మతిరిగే దెబ్బ అని అర్థం. అక్కడే గ్లెన్‌కి దెబ్బ తగిలింది. తెడ్డు ఎగిరొచ్చి దవడకి కొట్టి నీళ్లలోకి విసిరేసింది.

ఆ క్షణాన పంటులో బెస్సీ ఒక్కతే. నిలబడితే తెడ్డు కర్ర ఆమె భుజం దాకా వస్తుంది. దాన్ని పట్టుకుని పంటుని అదుపులో ఉంచుతూ, భర్త అంచు పట్టుకుని పైకి ఎక్కేదాకా నడిపించింది. తర్వాత వాళ్లే ఒక పత్రికకు చెప్పిన సంగతి ఇది. అచ్చయినప్పుడు అందులో వీరత్వం కనిపించింది. జరిగినప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. నవంబరు నీళ్లు, ఎముకలు కొరికే చలి, చెవులు గింగిర్లెత్తే హోరు. పక్కన మొగుడు లేడు.

ఆ రాత్రి కూడా గాటు కోసింది.

అంచున ఉన్న ఇల్లు

గ్రీన్ రివర్‌లో బయల్దేరిన నాలుగు వారాలకు, నవంబరు మధ్యలో, బ్రైట్ ఏంజెల్ వాగు దగ్గర పంటు కట్టేసి ఇద్దరూ కాలిబాటన కొండెక్కారు. అడుగు నుంచి దక్షిణపు అంచు దాకా మెలికల దారి. నడిచేవాళ్లకి రోజు పని. ఆ బాట చివర, సరిగ్గా లోయ అంచున అతికించినట్టు ఉంటుంది కోల్బ్ స్టూడియో. ఇవాళ గ్రాండ్ కాన్యన్ చూడబోయే మనవాళ్లు ఆ చెక్కమేడ ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటూనే ఉంటారు. అప్పట్లో అది ఎమరీ కోల్బ్ కాపురం, ఫొటోల దుకాణం, సినిమా హాలు కూడా.

కోల్బ్ అన్నదమ్ములకి ఈ నది కొత్త కాదు. 1911-12లో పడవల్లో వచ్చి, దారంతా సినిమా తీశారు. ఆ సినిమాని ఎమరీ 1915 నుంచి తను కన్నుమూసిన 1976 దాకా ఆ స్టూడియోలోనే ఆడించాడు. నది మనిషిని ఎన్ని రకాలుగా పరీక్షిస్తుందో ఆ రోజుల్లో అతనికంటే ఎరిగినవాళ్లు అరుదు.

పంటు వివరాలు విన్నాడు. లైఫ్ జాకెట్లున్నాయా అని అడిగాడు. లేవన్నారు. తనవి తీసుకెళ్లమన్నాడు. గ్లెన్ వద్దన్నాడు. పోనీ కారు టైర్ల లోపలి ట్యూబులైనా పట్టుకెళ్లమన్నాడు. అదీ వద్దన్నాడు.  తను ఈతగాడినన్న ధీమా కొంత. లైఫ్ జాకెట్లు లేకుండా దాటామని చెప్పుకుంటే కథకి ఇంకొంచెం మెరుగు వస్తుందన్న ఆశ కూడా ఉందేమో. ఎగతాళి చేయడానికి మనకేం హక్కు లేదు. పాపికొండల లాంచీలో జాకెట్ చేతికిస్తే ఫొటో బాగా రాదని విప్పి ఒళ్లో పెట్టుకునేవాళ్లం మనం.

ఎమరీ వాళ్లకి ఫొటో తీశాడు. గ్లెన్ ముఖంలో ధీమా ఉంది. బెస్సీ ముఖం అలసిపోయి ఉంది.

వెళ్లబోయే ముందు జరిగిన ఒక చిన్న సంగతి ఎమరీ బతికినంతకాలం చెబుతూనే ఉన్నాడు. అతని కూతురు ఈడిత్ మంచి బట్టలు, అందమైన బూట్లు వేసుకుని అక్కడికి వచ్చింది. బెస్సీ ఆ బూట్ల వంక చూసింది. తర్వాత తన కాళ్ల వంక చూసుకుంది. నదిలో నాని, బండల మీద అరిగి, బురద పట్టిన తోలు. ఇలాంటి అందమైన బూట్లు మళ్లీ తొడిగే రోజు నాకు వస్తుందో రాదో అన్నట్టుగా ఒక మాట అంది.

మాట చిన్నది. 'నాకు భయంగా ఉంది' అని ఆమె అనలేదు. 'ఇక్కడితో ఆగిపోదాం' అనలేదు. కొత్తగా పెళ్లయినావిడ, పరాయివాళ్ల ఇంట్లో, మొగుడి పక్కన నిలబడి ఏ మాట అనగలదో ఆ మాటే అంది. మన ఇళ్లలో ఆడవాళ్ల మాటల్ని చెవినపెట్టేవాళ్లకి ఆ భాష తెలుసు. ఎమరీకీ అర్థమైంది. కానీ ఆ మాట పట్టుకుని మొగుడూ పెళ్లాల మధ్యకి ఎవరు దూరతారు?

చివరిసారి చూసిన మనిషి

మళ్లీ లోయలోకి దిగారు. అడుగున ఉన్న ఫాంటమ్ రాంచ్‌లో శాన్ ఫ్రాన్సిస్కో పెద్దింటి యువకుడు అడాల్ఫ్ సూట్రో కలిశాడు. తనూ కాస్త దూరం పంటులో వస్తానన్నాడు. సరేనన్నారు. ఏడెనిమిది మైళ్లు వాళ్లతో ప్రయాణించి, హర్మిట్ ర్యాపిడ్ దగ్గర దిగిపోయాడు. దంపతులిద్దరికీ ఫొటోలు తీశాడు. నవంబరు 18న పంటు మలుపు తిరిగి కనుమరుగైంది. గ్లెన్, బెస్సీల్ని చూశామని గట్టిగా చెప్పగలిగినవాళ్లలో సూట్రోయే ఆఖరివాడు.

ఆమెకు ముందుకెళ్లడం ఇష్టం లేనట్టే అనిపించిందని తర్వాత కొందరన్నారు. ఆ మాట ఏళ్లు గడిచేకొద్దీ నోళ్లలో పెరిగి, గ్లెనే ఆమెను లాక్కెళ్లాడు అనేదాకా పోయింది. తర్వాత ఏం జరిగిందో ఎవరికీ తెలియనప్పుడు అంతకు ముందు జరిగింది తిరగరాయడం తేలిక.

తండ్రి

డిసెంబరు మొదటి వారాల్లో కాలిఫోర్నియాలోని నీడిల్స్ అనే ఊరు చేరాలన్నది వాళ్ల లెక్క. ఉత్తరం రాలేదు. తంతి రాలేదు. ఐడహోలో రోలిన్ హైడ్‌కి నిద్ర పట్టలేదు. కొడుకు ఎలాంటివాడో ఆయనకి తెలుసు. చేరి ఉంటే కబురు పెట్టకుండా ఉండడు.

ఆయన రైలెక్కాడు. అధికారుల్ని కలిశాడు, రాజకీయ నాయకుల్ని పట్టుకున్నాడు. చివరికి సైన్యం విమానం పంపింది. డిసెంబరు 19న లోయలోకి తొంగి చూస్తూ ఎగిరిన ఆ విమానంలోని వాళ్లకి కింద నిలకడగా తేలుతున్న పంటు కనిపించింది. మనుషులు కనిపించలేదు. కోల్బ్ అన్నదమ్ములు దిగింది ఆ కబురు తర్వాతే.

ఆ మధ్యలోనే వాషింగ్టన్‌లో ఒక సంతకం పడింది. డిసెంబరు 21న అధ్యక్షుడు కూలిడ్జ్ బౌల్డర్ కాన్యన్ ప్రాజెక్టు చట్టం మీద సంతకం చేశాడు. తర్వాత హూవర్ డ్యామ్‌గా లేచింది అదే. ఎవరికీ లొంగని నదికి ముకుతాడు వేసే కాగితం సిద్ధమవుతున్న వారంలోనే, ఆ నది మింగిన ఇద్దరి కోసం ఒక తండ్రి దాని ఒడ్డున నిలబడి ఉన్నాడు.

సామాను, డైరీ ఆయన చేతికొచ్చాయి. కెమెరాలోని ఫిల్మ్ కడిగితే హర్మిట్ దాటాక తీసిన ఫొటోలూ బయటపడ్డాయి. డైరీలో ఆఖరి తేదీ నవంబరు 30. రోలిన్ ఆశ వదులుకోలేదు. నీళ్లలో పడినా ఈదుకుని ఏ ఒడ్డునో పడి ఉంటారు, కాలినడకన పైకి ఎక్కే దారి వెతుక్కుంటూ ఉంటారు అనుకున్నాడు. ఆ చలికాలమంతా మనుషుల్ని పెట్టి, తనూ నడుస్తూ లోయపక్కల గుహలు, వాగులు గాలించాడు. ఒక చెప్పుగాని, చొక్కాగుడ్డగాని దొరికితే చాలన్నంతగా వెతికాడు. అదీ దొరకలేదు.

పదకొండు మైళ్లు

డైరీ ప్రకారం, గాట్ల ప్రకారం చూస్తే వాళ్లు నవంబరు 30కి డైమండ్ క్రీక్ పరిసరాలకు, అంటే 226వ మైలు దగ్గరికి, చేరారు. పంటు దొరికింది 237 దగ్గర. ఆ మధ్యలోని పదకొండు మైళ్లలోనే ఈ కథ ముగిసింది.

ఆ పదకొండు మైళ్లలో '232 మైల్ ర్యాపిడ్' ఉంది. వరదలప్పుడు దాన్ని గుర్తుపట్టడం కూడా కష్టమే. శీతకాలంలో నది తగ్గినప్పుడు దాని అడుగు భాగాన కోరల్లాంటి రాళ్లు బయటపడతాయి. ప్రవాహమంతా నేరుగా వాటి మీదికే తోస్తుంది. ఈ నది మీద జీవితమంతా పడవ నడిపిన బ్రాడ్ డిమాక్ అనే రచయిత, భార్యతో కలిసి అచ్చం అలాంటి పంటే కట్టి, అదే దారిలో ప్రయాణం చేశాడు. ఆ తెడ్లు కొట్టే దెబ్బలు ఒంటి మీద తెలుసుకున్నాక, 2001లో ఒక పుస్తకం రాశాడు. ఆయన అంచనా అక్కడికే వచ్చి ఆగింది. పంటు బండకి తగిలి ఎగిరిపడింది. తెడ్ల దగ్గర నిలబడ్డవాళ్లు నీళ్లలో పడ్డారు. పంటు మాత్రం బోల్తా పడకుండా, సామానుతో సహా ముందుకు సాగిపోయింది.

ఒకరు పడి ఉంటే రెండోవాళ్లు చేయందించబోయి ఉంటారు. సాక్‌డోలేజర్ దగ్గర అలా బతికారు. ఈసారి కుదరలేదు. మంచుకి దగ్గరగా ఉన్న నీళ్లలో మనిషి కాలుచేతులు కొద్ది నిమిషాల్లోనే మొద్దుబారతాయి. ఆనాటి కొలరాడో బురదనది. బట్టల మడతల్లోకి ఒండ్రు చేరి మనిషిని కిందికి లాగేస్తుంది. మునిగినవాళ్లు తేలడం తక్కువ. ఈదడం వచ్చా రాదా అన్న లెక్క అక్కడ పనిచేయదు. ఛాతీకి కట్టుకున్న ఒక జాకెట్టు పనిచేసి ఉండేదేమో.

చనిపోనివ్వని కథలు

శవాలు దొరకని చోట కథలు మొలుస్తాయి. 1971లో ఒక రాత్రి, గ్రాండ్ కాన్యన్ అడుగున తెప్పల యాత్రలో ఉన్నవాళ్లు చలిమంట చుట్టూ కూర్చుని హైడ్ దంపతుల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఉన్న ఒక పెద్దావిడ ఆ బెస్సీని నేనే అంది. మొగుడు కొట్టేవాడని, పొడిచి చంపి, కొండెక్కి వెళ్లిపోయి, కొత్త పేరుతో బతికానని చెప్పింది. విన్నవాళ్ల ఒళ్లు జలదరించింది. తర్వాత ఎవరో గుచ్చి అడిగితే, నేనలా అననేలేదంది.

1976లో ఎమరీ కోల్బ్ తొంభై అయిదేళ్ల వయసులో పోయాడు. అతని గ్యారేజీలో, ఒక పాత పడవలో, మనిషి అస్థిపంజరం దొరికింది. పుర్రెలో తుపాకి గుండు రంధ్రం. అయ్యో, అది గ్లెనే, చంపింది ఎమరీయే అన్నారు జనం. ఎముకల నిపుణులు పరీక్షించి అది గ్లెన్ కాదని తేల్చారు. అవి 1933లో పార్కులో ఆత్మహత్య చేసుకున్న వేరొక యువకుడివని తర్వాతి దర్యాప్తు చెప్పింది.

1992లో జార్జీ క్లార్క్ కన్నుమూసింది. దశాబ్దాలపాటు ఈ నది మీద తెప్పలు నడిపిన ధీరురాలు. ఆమె కాగితాల్లో జన్మపత్రం మీద 'బెస్సీ' అని పేరుంది. హైడ్ దంపతుల పెళ్లిపత్రం నకలూ దొరికింది. ఇంకేం, జార్జీయే బెస్సీ అన్నారు. జార్జీ బాల్యం, చదువు, కుటుంబం అన్నీ వేరుగా నమోదై ఉన్నాయని, ఇద్దరూ ఒకరు కాదని వెతికినవాళ్లకు తేలింది.

మూడు కథల్లోనూ ఒకే కోరిక కనిపిస్తుంది. హంతకురాలిగానైనా సరే, పడవ నడిపే ధీరురాలిగానైనా సరే, బెస్సీ బతికి బయటపడాలి. బూట్ల గురించి ఆమె అన్న ఆ ఒక్క మాట విన్నవాళ్లకి ఆమెను నీళ్లలో వదిలేయడానికి మనసొప్పదు. పుకార్లంటే మనం ఈసడించుకుంటాం కానీ, కొన్ని పుకార్లు జనం చేసుకునే మొక్కులు.

లెక్క

బెస్సీకి దక్కాల్సిన ఆ 'మొదటి' పేరు పదేళ్ల తర్వాత మరో ఇద్దరికి దక్కింది. 1938 జూన్‌లో, అదే గ్రీన్ రివర్ ఊరి నుంచి, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్జాడా క్లోవర్, లోయిస్ జాటర్ పడవలెక్కారు. వృక్షశాస్త్రవేత్తలు. లోయలోని మొక్కల్ని నమోదు చేయడం వాళ్ల పని. ఇది ఆడవాళ్లకి పనికొచ్చే చోటు కాదని పత్రికలు రాశాయి. ముందు ఒకామె వెళ్లి తిరిగిరాలేదనీ గుర్తుచేశాయి. వాళ్లిద్దరూ లైఫ్ జాకెట్లు తొడుక్కున్నారు. ఆగస్టు నాటికి క్షేమంగా బయటికొచ్చారు.

బ్రైట్ ఏంజెల్ దగ్గర ఆ బృందంలో చేరి దిగువ దాకా ప్రయాణించిన మనిషి ఎమరీ కోల్బ్. పదేళ్ల కిందట ఖాళీ పంటు ఎక్కిన చోటు మీదుగానే, ఈసారి ఇద్దరు ఆడవాళ్ల పక్కన కూర్చుని వెళ్లాడు.

ఆ పంటు ఇప్పుడు లేదు. సామాను తీసుకున్నాక కోల్బ్ అన్నదమ్ములు తాడు కోసి ప్రవాహానికి వదిలేశారు. దాని మీది గాట్ల లెక్క మాత్రం మిగిలింది. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. అక్టోబరు 20 నుంచి 31 దాకా పన్నెండు. నవంబరుకి ముప్పై. మొత్తం నలభై రెండు. గ్లెన్ నీళ్లలో పడ్డ రోజుకీ ఒకటి ఉంది. పైన అంచు మీద, పంటుకి దూరంగా గడిపిన రోజులకీ ఉన్నాయి. అంటే దిగొచ్చాక గుర్తుపెట్టుకుని కోసింది. ఒక్క రోజూ తప్పలేదు.

రోజులు లెక్కపెట్టుకునేది ఎవరు? సెలవుల్లో సంబరంగా తిరిగేవాళ్లు కాదు. జైల్లో ఉన్నవాళ్లు లెక్కపెడతారు. పరుగుపందెంలో ఉన్నవాళ్లు లెక్కపెడతారు. పుట్టింటికి వెళ్లే రోజు కోసం చూసే కొత్త కోడలు లెక్కపెడుతుంది. వీటిలో ఆమె ఏదో ఆ పంటు చెప్పలేదు. చివరిదాకా ఇంటికి చేరాలన్న లెక్కలోనే ఉందని మాత్రం చెప్పింది. నవంబరు 30 సాయంత్రం కూడా కత్తి తీసి, నలభై రెండోది కోసి, రేపటి దానికి పక్కన చోటు ఉంచింది.